గన్‌డాము కథాచక్రమున సంజ్ఞావిచారము: కర్తృసంజ్ఞలు, లోకసంజ్ఞలు

ఉపోద్ఘాతము

కుండ కావలసినవాఁడు కుమ్మరి యింటికిఁ బోయి కుండను జేసి యిమ్మని యడుగును. మాట కావలసినవాఁడు మాత్రము వైయాకరణుని యింటికిఁ బోయి మాటలు చేసి యిమ్మని యడుగఁడు. అర్థము మనసునఁ దోఁచిన వెంటనే మాటను దానంతటఁ దానే వాడుకొనును. మహాభాష్యమునఁ బస్పశాహ్నికమునందలి యీ దృష్టాంతము పండితుల కెల్లరకుఁ బరిచితమే. శబ్దవ్యవహారమునకు లోకమే ప్రమాణమని దీని తాత్పర్యము. పాణినియు దేశనామముల లింగవచనముల విషయమున సూత్రముతోఁ బనిలేదనియు, సంజ్ఞ లోకమున నెట్లున్నదో యదియే ప్రమాణమనియు మొదటి యధ్యాయము రెండవ పాదమున నంగీకరించెను.

అయినను ఆ పాణినియే టి, ఘు, భ మొదలగు సంజ్ఞలను స్వయముగాఁ గల్పించెను. అవి లోకమునఁ బుట్టినవి కావు. శాస్త్రకారుఁడు తన పనికొఱకుఁ గట్టుకొన్న పనిముట్లవి. వాని యర్థ మాతఁడు చెప్పినంతమాత్రమే. కావున సంజ్ఞలు రెండు తెఱఁగులు. ఒక కర్త బుద్ధిపూర్వకముగా నిచ్చునది కర్తృసంజ్ఞ. పలువురు వ్యవహర్తల నోట నేర్పడునది లోకసంజ్ఞ. ధూమశకట మనుమాటను బండితులు కట్టిరి. రైలుబండి యనుమాటను జనులు కట్టిరి. ఏది నిలిచెనో యెల్లరెఱిఁగినదే.

ఒక కథకుఁ గర్త యొక్కఁడై, దానిపై స్వామ్యము గలవారు వేఱొకరై, దానిని గుఱించి మాటలాడువారు లక్షలకొలఁది యైనప్పుడు, ఆ కథలోని వస్తువులకుఁ బేరు పెట్టు నధికార మెవ్వరిది? ఈ ప్రశ్నకుఁ బ్రాచీనోదాహరణములకంటె నర్వాచీనోదాహరణ మొకటి యెక్కువ వెలుఁగు నిచ్చును. ప్రాచీనశబ్దముల పుట్టుక చీఁకటిలో నున్నది; అర్వాచీనశబ్దములలోఁ బెక్కింటి పుట్టుక యచ్చుపుటలలో నేటితోఁ గూడఁ గానవచ్చును. అట్టి యుదాహరణము జపానుదేశమునఁ బుట్టిన గన్‌డాము కథాచక్రము.

కథాచక్రము పుట్టుక

గీసిన బొమ్మలను గదలించి చూపెడి కథలను జపానువారు అనిమే యందురు. కిదో సెన్షి గన్‌డాము అను ననిమే 1979 ఏప్రిలు 7వ తేదీ మొదలు 1980 జనవరి 26వ తేదీ వఱకు నగోయా టెలివిజనువారిచేతఁ బ్రసారము చేయఁబడెను. దీనిని నిర్మించినవారు నిప్పన్ సన్‌రైజ్ అను సంస్థవారు. ప్రధానదర్శకుఁడు తొమినో యొషియుకి. పాత్రల రూపములను యసుహికో యొషికజుయు, యంత్రముల రూపములను ఒకవరా కునియోయు గల్పించిరి. ధనసాహాయ్యము చేసినది క్లోవర్ అను నాటబొమ్మల వర్తకసంస్థ. మొదట 52 భాగములుగా నుద్దేశింపఁబడిన యీ కథ, ప్రేక్షకుల సంఖ్యయు బొమ్మల యమ్మకమును జాలకపోవుటచే 43 భాగములతో ముగింపఁబడెను.

ముగిసినపిదప దీని యదృష్టము మాఱెను. పునఃప్రసారములవలన నభిమానులు పెరిగిరి. 1980 జులైలో బందాయి సంస్థవారు కథలోని యంత్రముల ప్లాస్టిక్ నమూనాలను విపణికిఁ దెచ్చిరి. మొదటి నమూనా నిజప్రమాణములో 144వ వంతు, వెల 300 యెన్నులు. 1981 ఫిబ్రవరి 22వ తేదీని తోక్యోనగరమున షింజుకు పేటలో, ఈ కథయొక్క చలచిత్రరూపమును బ్రకటించుటకై జరిగిన సభకుఁ బదునైదువేలమంది వచ్చిరని చెప్పుదురు. ఆ చలచిత్రములు మూఁడు. 1981 మార్చి, 1981 జులై, 1982 మార్చి నెలలలో వెలువడెను.

ఈ కాలక్రమము సంజ్ఞావిచారమున కత్యావశ్యకము. కథ ముగిసినది 1980 జనవరిలో. కథను గుఱించి జనులు విరివిగా మాటలాడుట యారంభమైనది దాని తరువాత. అనఁగాఁ గర్త మౌనము వహించిన కాలముననే లోకము మాటలాడఁ దొడఁగెను. ఆ నడిమి కాలముననే లోకసంజ్ఞలు పెక్కు మొలకెత్తెను.

కర్తృసంజ్ఞలు

కథాకర్తలిచ్చిన సంజ్ఞలలో నాలుగింటి నిచటఁ బరిశీలించిన జాలును.

మొదటిది మొబైల్ సూట్. కథలో మనుష్యాకృతి గల బ్రహ్మాండమైన యుద్ధయంత్రమున కిది పేరు. సూట్ అనఁగా దొడుగుకొను నుడుపు. పదునెనిమిది మీటర్ల యెత్తుగల యంత్రము నుడుపనుట యేల? దీనికిఁ గారణము 1959వ సంవత్సరమున నమెరికారచయిత రాబర్ట్ హైన్లైన్ వ్రాసిన నవల. అందు సైనికులు తొడుగుకొను బలవర్ధకమైన కవచ మొకటి వర్ణింపఁబడినది. ఆ నవల జపానుభాషానువాదమునకు స్టూడియో నుయె అను చిత్రకారసంఘమువారు గీసిన బొమ్మ గన్‌డాము కల్పనకుఁ బ్రేరకమయ్యెను. కవచము పెరిగి పెరిగి యంత్రమయ్యెను. ఉడుపను పేరు మాత్రము వీడలేదు. యోగార్థము నశించి రూఢి మిగిలిన తావిది.

రెండవది మినోవ్‌స్కీ కణము. ఈ కణములు వెదచల్లఁబడిన చోట రాడారు పనిచేయదని కథలోని నియమము. దూరమునుండి గుఱిచూచి కొట్టు నస్త్రములు వ్యర్థములు కాఁగా, యంత్రములు కంటికిఁ గనఁబడునంత దగ్గఱకు వచ్చి పోరాడవలసి వచ్చును. కథ కంతయు నిది యాధారస్తంభము. ఈ సంజ్ఞ లేనిచో మనుష్యాకారయంత్రముల ద్వంద్వయుద్ధమునకు హేతువే లేదు. కావున నిది శాస్త్రమున నధికారసూత్రము వంటిది.

మూఁడవది ఉచూ సెయికి. కథాకాలమును లెక్కించు శకము పేరిది. కథ యీ శకమున 0079వ సంవత్సరమున జరుగును. ఉచూ అనుమాట చీనానుండి వచ్చినది. అందు రెండక్షరములు, ప్రాచీనచీనావ్యాఖ్యానము ననుసరించి మొదటిది దిక్కులను, రెండవది గతవర్తమానకాలములను దెలుపును. అనఁగా దిక్కాలముల ద్వంద్వమే విశ్వము. నేఁటి జపానుభాషలో దీనికి భూమికి వెలుపలి యంతరిక్షమని రూఢి. సెయికి యనఁగా నూఱేండ్ల కాలము. ఆంగ్లమున దీనిని యూనివర్సల్ సెంచురీ యనిరి. ఈ యనువాదమున నంతరిక్షవాచకము పోయి సర్వవ్యాప్తివాచకము వచ్చెను. మూలార్థమున కది కొంత దూరమే. అయినను స్వామ్యము గలవారే దీని నంగీకరించి యు.సి. యను సంక్షేపమును వాడుచున్నారు. మఱియు నొక విశేషము. 1991వ సంవత్సరపు చలచిత్రమునఁ గథ యీ శకమున 0123వ సంవత్సరమునను, 1993వ సంవత్సరపు విక్టరీ గన్‌డామునఁ 0153వ సంవత్సరమునను నడుచును. నూఱేండ్లు దాఁటినను నూఱేండ్ల కాలమనియే పేరు! యోగమును రూఢి యెట్లు మ్రింగునో చూపుట కింతకంటె స్పష్టమైన యుదాహరణ మక్కఱలేదు.

నాలుగవది న్యూటైప్. అంతరిక్షమున నివసించుటచేఁ గ్రొత్త మానసికశక్తులు పొందిన మనుష్యుల కీ పేరు. దీని యవయవార్థము క్రొత్తరకము మాత్రమే, ఇది కర్మధారయము. లోకమునఁ గ్రొత్తరకము లనేకము లున్నను, కథలో దీనికిఁ గృత్రిమార్థమే గ్రాహ్యము. కృత్రిమాకృత్రిమార్థములు రెండును సంభవించుచోట శాస్త్రమునఁ గృత్రిమమునే గ్రహింపవలయునను పరిభాష యిచట సరిగా వర్తించును. 1985లో కదొకవా ప్రచురణసంస్థవారు తాము క్రొత్తగాఁ బ్రారంభించిన యనిమే మాసపత్రిక కీ పేరే పెట్టిరి. సంజ్ఞ కథను విడిచి వీథిలోనికి వచ్చుటకు మొదటి మెట్టిది.

లోకసంజ్ఞలు

ఇఁక లోకమునఁ బుట్టినవి. వీనిలోఁ జూడఁదగినది జాకు వృత్తాంతము. శత్రుపక్షమైన జియోన్ సైన్యము వాడు సామాన్యయంత్రము జాకు. 1979వ సంవత్సరపు కథలో వినఁబడు మాట జాకు మాత్రమే. అదే కథలో నంతకుఁ బూర్వపుదైన పాతరకపు జాకు నొకటి కనఁబడును. పాతదానిని జనులు క్యూ-జాకు, అనఁగాఁ బాతజాకు, అనిరి. పిమ్మట నచ్చుపుస్తకములును నమూనాలును బెరిగినకొలఁది, వ్యవస్థ కావలసివచ్చి, పాతదానికి జాకు ఒకటి యనియు, సామాన్యమైన దానికి జాకు రెండు అనియు సంఖ్యలు చేర్చిరి. ఈ సంఖ్యలు నేఁ డధికారికములు. అయినను నభిమానుల నోట నేఁటికిని బాతజాకు బాతజాకే. రెండవదానికి జాకు అను విశేషణరహితమైన పేరే చాలును. రెండు అని చెప్పఁ బనిలేదు. సామాన్యమునకు విశేషణ మక్కఱలేదు, భిన్నమైనదానికే విశేషణము కావలయునను లోకన్యాయ మిందుఁ గానవచ్చును. సంఖ్యలు పెట్టినవారు రెండింటికిని సమానగౌరవ మిచ్చిరి. లోక మట్లు చేయలేదు.

రెండవ యుదాహరణము ఫస్ట్ గన్‌డాము. ఇది 1979వ సంవత్సరపు కథకు జనులిచ్చిన పేరు. ఆ కథ యసలు పేరులో మొదటిది యను విశేషణము లేదు, ఉండుటకు వీలును లేదు. 1985లో జీటా గన్‌డాము ప్రసారమైనపిదపఁ బూర్వకథను వేఱుపఱుచుటకు విశేషణము కావలసి వచ్చెను. తమ్ముఁడు పుట్టినఁగాని యన్న యన్న కాఁడు. ఇట్టి సంజ్ఞలు వస్తువుకంటెఁ దరువాతనే పుట్టును. కావున నొక పుటలో ఫస్ట్ గన్‌డాము అను పేరు కనఁబడెనేని, ఆ పుట 1979లో వ్రాయఁబడినది కాదని నిశ్చయింప వచ్చును. శాసనముల లిపిని బట్టి కాలము నిర్ణయించు విధమున సంజ్ఞను బట్టియుఁ గాలమును నిర్ణయింప వచ్చును.

మూఁడవది గన్‌ప్లా. గన్‌డాము, ప్లాస్టిక్ మోడెల్ అను రెండు మాటల మొదటి యవయవములు కలిసి యీ మాట యయ్యెను. జపానుభాషలో నిట్టి కుదింపులు మెండు. నేఁడు బందాయి సంస్థవారే తమ సరకులమీఁద నీ మాటను ముద్రించుచున్నారు. వ్యవహారము స్వామ్యము గలవారి ముద్రను బొందుట కిది నిదర్శనము.

వీనికి భిన్నమైన తెఱఁగు మఱొకటి కలదు. కథలోఁ బ్రతినాయకుఁడైన షా అజ్‌నబుల్ తన జాకునకు నెఱ్ఱరంగు వేయించుకొనును. అది సాధారణపు జాకుకంటె మూఁడింతల వేగమున వచ్చుచున్నదని యెదుటిపక్షమువారు భయపడుదురు. నమూనాల వర్తకములో దీనికి షా సెన్‌యో జాకు అనఁగా షాకే ప్రత్యేకమైన జాకు అను పేరు స్థిరపడెను. సెన్‌యో అనుమాట కార్యాలయభాషలోనిది. ప్రత్యేకవినియోగమునకు నిర్దేశింపఁబడిన యని యర్థము. ఈ పేరు వర్తకులదై నను వ్యాప్తి జనులది. ఎఱ్ఱనివస్తువు కనఁబడినచో నది షాకే ప్రత్యేకమైనదనియు, మూఁడింతల వేగము గలదనియు నవ్వులాటగాఁ జెప్పుట జపానులో వాడుకయయ్యెను. ఎఱుపు లక్షకమై వేగమును దెలుపుట లక్షణావృత్తి. ఆ లక్షణ నిరూఢమై యిప్పుడు కథను జూడనివారికిఁ గూడ నర్థమగుచున్నది.

మధ్యమస్థానము: 1981వ సంవత్సరపు గ్రంథము

కర్తృసంజ్ఞ, లోకసంజ్ఞ యని రెండు విధములు చెప్పఁబడినవి. ఈ విభాగమును జిక్కులో బెట్టునది యొక గ్రంథము. ఔట్ అను మాసపత్రికను వెలువరించుచుండిన మినోరి షోబో సంస్థవారు 1981లో గన్‌డాము సెంచురీ యను ప్రత్యేకసంచికను బ్రచురించిరి. దానిని వ్రాసినవారు కథాకర్తలు కారు; విజ్ఞానకల్పనాసాహిత్యమును, యంత్రశాస్త్రమును నెఱిఁగిన యువకులు. మొరితా షిగేరు, నగసే తదషి, కవమోరి షోజి మొదలగువా రందుఁ బనిచేసిరి. కథలోఁ జెప్పక విడిచిన విషయములకు హేతువులను గల్పించి పూరించుట వారి పని. సూత్రములకు వార్తికములు వ్రాసినట్లే యిది. ఉక్తమును, అనుక్తమును, దురుక్తమును జింతించుట వార్తికలక్షణము గదా.

అందులో సుప్రసిద్ధమైన కల్పన యాంబాక్. ఇది యాక్టివ్ మాస్ బాలెన్స్ ఆటో కంట్రోల్ అను నాంగ్లపదముల మొదటి యక్షరములతోఁ గట్టిన మాట. దీని యవసరము నెఱుఁగవలయునన్న నొక యాక్షేపమును జ్ఞప్తికిఁ దెచ్చుకొనవలయును. గాలి లేని యంతరిక్షమున యుద్ధము చేయు యంత్రమునకుఁ గాలుచేతులేల? నడచుటకు నేల లేదు, పట్టుకొనుటకుఁ గొమ్మలేదు. గోళాకారమైన యంత్ర మింతకంటె మేలుకాదా? 1979వ సంవత్సరపు కథలో నీ యాక్షేపమునకు సమాధానము లేదు. యాంబాక్ దానికి సమాధానము. పడుచున్న పిల్లి తన యవయవములను ద్రిప్పుకొని కాళ్లమీఁద వ్రాలునట్లు, ఆ యంత్రము కాలుచేతులను వేగముగా విసరి, ఆ ప్రతిక్రియచేత శరీరము దిశను మార్చుకొనును; ఇంధనము వ్యయము కాదు. కోణీయవేగరాశి నిలుకడగా నుండునను భౌతికసూత్రమే యిందుకు మూలము. ఈ యుక్తితో నలంకారముగా నున్న కాలుచేతులు ప్రయోజనవంతము లయ్యెను.

సంజ్ఞాస్వరూపమును గుఱించి యొక్కమాట. పాణినీయమున నచ్, హల్ మొదలగు ప్రత్యాహారము లాద్యంతవర్ణములతో మధ్యవర్ణములను గూడ గ్రహించును. యాంబాక్ వంటి సంక్షేపములు ప్రతిపదము తొలియక్షరమును గ్రహించును. రెండును లాఘవార్థము పుట్టినవే. అయితే ప్రత్యాహారము నర్థము శాస్త్రము చదివినవారికే తెలియును. యాంబాక్ నర్థమును మూలపదములు తామే చెప్పును. కావున నిది సర్వనామము మొదలగు దీర్ఘసంజ్ఞలవలె నన్వర్థసంజ్ఞ. ఇతరుల కల్పన యైనను జనులు దీనిని వెంటనే స్వీకరించుటకు నన్వర్థతయే ముఖ్యకారణము.

ఆ గ్రంథముననే జాకును నిర్మించిన జియోనిక్ అను సంస్థ పేరును, యంత్రముల యంతర్భేదములును గలవు. 1983లో బందాయివారు మొబైల్ సూట్ వేరియేషన్ అను పేరుతో, కథలోఁ గానరాని యంత్రభేదముల నమూనాలను వెలువరించిరి. గన్‌డాము సెంచురీలోని కల్పన దీనికి దారి చూపెను. అటుపిమ్మట యాంబాక్, జియోనిక్ మొదలగు మాటలు స్వామ్యము గలవారి యనుమతితో వెలువడిన గ్రంథములలోను, నమూనాల వివరణపత్రములలోను సిద్ధశబ్దములుగాఁ గానవచ్చును. 1981లో స్వతంత్రకల్పన; కొలఁది యేండ్లలో నధికారికశబ్దము. ఇదియే మధ్యమస్థానము. వార్తికము సూత్రపాఠములోఁ జేరిపోవుట వ్యాకరణమున నెఱుఁగనిది కాదు. కాశికావృత్తి సూత్రపాఠమునఁ గొన్నియెడల వార్తికాంశములు చేరియున్నవని పండితు లెఱుఁగుదురు. ఇచటను నట్లే జరిగినది.

ఎదురుదిశ ప్రయాణము

లోకసంజ్ఞ యధికారికము కాఁగలిగినట్లే కర్తృసంజ్ఞ లోకమునఁ జేరి వేఱర్థమును బొందఁగలదు. 1999లో తొమినోయే దర్శకుఁడుగా టర్న్ ఏ గన్‌డాము అను కథ ప్రసారమారంభించెను. అందుఁ గురో రెకిషి యను మాట కలదు. కురో యనఁగా నలుపు, రెకిషి యనఁగాఁ జరిత్రము. నాగరకత నశించుటకుఁ గారణములైన పూర్వయుద్ధముల వృత్తాంతము, భావితరములవారి కెఱుకపడకుండఁ బూడ్చిపెట్టఁబడినది, ఈ కృష్ణచరిత్రము. అంతకుఁ బూర్వపు గన్‌డాము కథలన్నియు దీనిలోఁ జేరునని భావింప వీలుగా నిది కల్పింపఁబడినది. గంభీరమైన యర్థమిది.

లోకము దీనిని గ్రహించి తన కొలఁదికిఁ దగ్గించుకొనెను. నేఁటి జపానువ్యవహారమునఁ గురో రెకిషి యనఁగా నొకఁడు మఱచిపోఁగోరు తన పూర్వకాలపు సిగ్గుమాలిన చేఁత. బాల్యమున వ్రాసిన చెడుపద్యములును, పాడిన పాటలును గురో రెకిషియే. లోకప్రళయమును జెప్పిన మాట బాల్యచాపలమును జెప్పుటకు దిగివచ్చెను. పూడ్చిపెట్టఁబడినది యను నంశ మొక్కటియే రెండర్థములకును సమానము. ఈ సాధారణధర్మముచేత గౌణీవృత్తి సిద్ధించెను. కర్తకు దీనిపై నధికారము లేదు. ఉన్నదని యెవ్వరును వాదింపలేదు. మాట యొక్కసారి వీథికెక్కిన వెనుక, కన్నవారి యింటికి రమ్మన్నను రాదు.

లిప్యంతరీకరణవివాదము

శబ్దము విషయమే కాక యక్షరముల విషయమునఁ గూడ నిట్టి పోరు కలదు. జపానులిపిలో విదేశీయనామములను వ్రాసినపుడు వాని మూలవర్ణములు కొంత మఱుఁగుపడును. ర-ల భేదము తెలియదు. ప్రతినాయకుని పేరు ఫ్రాన్సు గాయకుఁడగు షార్ల్ అజ్నవూర్ పేరునుండి పుట్టినది. జపానులిపిలో దానిని దీర్ఘముతో షా యని వ్రాయుదురు. రోమనులిపిలోఁ జి, హెచ్, ఏ, ఆర్ అను నక్షరములతో వ్రాయుదురా, ఎస్, హెచ్, ఏ అను నక్షరములతో వ్రాయుదురా యను ప్రశ్న పుట్టెను. మొదటి విధము మూలనామమునకు సమీపము. రెండవది యుచ్చారణమునకు సమీపము.

తొమినో స్వయముగా వ్రాసిన గన్‌డాము నవలను ఫ్రెడెరిక్ షాట్ అను ననువాదకుఁ డాంగ్లీకరింపఁగా, అది యమెరికాలో 1990 ప్రాంతమున వెలువడెను. అందాతఁ డుచ్చారణపక్షమునే గ్రహించెను. జాకును గూడఁ దుది యుకారమును విడిచి జాక్ అని వ్రాసెను. నిశ్చితమైన యధికారికపట్టిక లేని కాలమున ననువాదకుని నిర్ణయమిది, పండితుఁడైనవాఁడు చేయఁదగినదే. కాని యభిమానుల వ్యవహార మంతకుముందే వేఱువిధముగా నేర్పడియుండెను. 2004లో నదే యనువాదము పునర్ముద్రిత మైనప్పుడు, అధికారికములుగాఁ జలామణియగు వర్ణక్రమములను స్వీకరించెను; షాకు మొదటి విధమే నిలిచెను. ఇందు గెలిచినది వ్యుత్పత్తియు గాదు, ఉచ్చారణయు గాదు; ప్రయోగబాహుళ్యమునకు స్వామ్యము గలవారి ముద్ర తోడగుటయే గెలుపునకుఁ గారణము.

పూర్వపక్షసిద్ధాంతములు

ఇందొక పూర్వపక్షము. కథ కర్తదియు, స్వామ్యము గలవారిదియు. కావున వా రంగీకరించిన సంజ్ఞయే సాధువు, తక్కినవి యపశబ్దములు. ఈ కథాచక్రమునఁ దెరమీఁదఁ జూపఁబడినదే యధికారికమని సాధారణముగాఁ జెప్పఁబడు నియమమును గలదు. ఈ పక్షమునకు బలము లేకపోలేదు. ఎవరికిఁ దోఁచిన పేరు వారు పెట్టిన నేది కథలోనిదో యేది కానిదో తెలియక సంకర మేర్పడును.

దీనికి సమాధానము. అధికారికము అను విశేషణమే యనధికారికము ప్రబలినపిదపఁ బుట్టినది. 2001లో కొదన్‌షా సంస్థవారు ప్రచురించిన బృహత్కోశమునకు గన్‌డాము అఫీషియల్స్ అను పేరు పెట్టి, అది యధికారికకోశమని పేరులోనే చెప్పుకొనవలసి వచ్చెను. ఎల్లరంగీకరించిన శబ్దమునకు నీ ముద్ర యక్కఱలేదు. మఱియుఁ దెరమీఁది మాటలు మాత్రమే ప్రమాణమైనచో, యాంబాక్ వంటివాని స్థితి యేమి? కథాకర్త చెప్పలేదు, చెప్పినవారు పత్రికాసంచిక వ్రాసినవారు, అంగీకరించినవారు నమూనాల వర్తకులు. ఇందు సాధుత్వ మేనాఁడు ప్రవేశించెను? అంగీకరించిననాఁడే యన్నచో, ముందునాఁ డదే మాట యపశబ్దమై, మఱునాఁడు సాధుశబ్ద మగును. శబ్దస్వభావమున కిది విరుద్ధము.

ప్రతిపక్షమును గూడ నంగీకరింపరాదు. లోకమే ప్రమాణమని చెప్పి, 1979వ సంవత్సరపు కథలోఁ దరువాతి సంజ్ఞలను జొప్పించి చదువుట చరిత్రకారునకుఁ దగదు. ఆ కథలో జాకు రెండు లేదు, యాంబాక్ లేదు, ఫస్ట్ అసలే లేదు. వీనిని మొదటనే యున్నట్లు చెప్పినచోఁ గర్త చేసినదానికంటె నెక్కువ కర్త కారోపించి, పూరించినవారి శ్రమను దుడిచివేసినట్లగును. కోశముల స్వభావమే యట్టిది. కోశమునఁ బదములన్నియు నొక్కపుటలో నొక్కకాలమున నున్నట్లు నిలుచును; 1979 నాఁటి మాటయుఁ 1981 నాఁటి మాటయుఁ 1983 నాఁటి మాటయుఁ బ్రక్కప్రక్కనఁ గూర్చుండును. ఏది తండ్రి, యేది కొడుకు, యేది పెంపుడుబిడ్డ యను తేడా పోవును. గన్‌డాము సెంచురీ వ్రాసినవారి పేరు లాపుస్తకమున నున్నవి కాఁబట్టి తెలియుచున్నవి. పాతజాకు అని మొదటఁ బిలిచిన బాలుని పేరును, గన్‌డాము నమూనాను గన్‌ప్లాయని కుదించిన నోటిని నెవ్వరు చెప్పఁగలరు? వారి సొత్తు వారికిఁ దెలియకయే యితరుల ముద్ర వేసికొనెను.

కావున సంజ్ఞావిచారము చేయువాఁడు ప్రతిపదమునకు మూఁడు ప్రశ్నలు వేయవలయును. ఇది మొట్టమొదట నెచట, నేయేఁటఁ గానవచ్చెను? ఎవ్వరివలనఁ బుట్టెను: కర్తవలననా, వ్యాఖ్యాతవలననా, వర్తకునివలననా, జనులవలననా? దీని నెవ్వ రెప్పు డంగీకరించిరి? మొదటి రెండు ప్రశ్నలు శబ్దముయొక్క జన్మమును దెలుపును. మూఁడవది దాని పదవిని దెలుపును. జన్మమును బదవిని నొకటిగాఁ జేసి మాటలాడుటయే యీ విషయమున వివాదములన్నిటికిని మూలము. మినోవ్‌స్కీ కణము జన్మముచేతఁ గర్తృసంజ్ఞ, పదవిచేతను నదియే. యాంబాక్ జన్మముచేత వ్యాఖ్యాతది, పదవిచే నధికారికము. గన్‌ప్లా జన్మముచే వ్యవహారసిద్ధము, పదవిచే వర్తకుల ముద్రాంకము. కురో రెకిషి జన్మముచేతఁ గర్తది, పదవిచేత లోకముది. పాతజాకు జన్మముచేతను, నిలుకడచేతను లోకముదే.

ఈ రీతిగా విభజించినచోఁ గర్తకుఁ గాని లోకమునకుఁ గాని యన్యాయము కలుగదు. కుమ్మరి చేసిన కుండకుఁ గుమ్మరియే కర్త. ఆ కుండలో వండుకొన్నవారు దానికి ముద్దుపేరు పెట్టుకొన్నచో, ఆ పేరు కుమ్మరిది కాదు. కుండ తమదని వారు చెప్పుటయుఁ బాడిగాదు. ఆ పేరునే కుమ్మరి తరువాతఁ దన కుండలపైఁ జెక్కి యమ్మిననాఁడు, ఆ చెక్కడము కుమ్మరిది, పేరు వండుకొన్నవారిది. జపానుదేశపు గన్‌డాము కథాచక్రము నలువదియేండ్లకుఁ బైఁబడి యచ్చుపుటలలోఁ గూర్చిన సాక్ష్యమిది. శబ్దచరిత్రము వ్రాయఁబూనినవారికి నీ సాక్ష్యము, పుట్టుక తెలియని ప్రాచీనశబ్దముల విషయమునఁ గూడఁ దఱచుగా నుపకరింపఁగలదు.